చనువు కొద్దీ ధర

నురగ బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, ధర పెంచడం. అదీ అందరికీ కాదు. ఏళ్ల తరబడి వాడుకగా తనచేతే కిటికీ అద్దాలు తుడిపించుకునే ఇళ్లవాళ్లకి మాత్రమే. లోకంలో ఎవరైనా పాత బేరం కదా అని ఎంతో కొంత తగ్గిస్తారు. ఈయన పాత బేరం కాబట్టే పెంచుతాడు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆయన లెక్కలో పాతొక ఖరీదు. నిన్నగాక మొన్న వీధిలోకి వచ్చినవాళ్లకి మాత్రం చవగ్గా తుడిచిపెడతాడు. ఇదెక్కడి న్యాయమని నిలదీస్తే, కొత్తవాళ్ల మీద ధర పెంచేంత చనువు మనకెక్కడిదండీ అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

ఆయన ఎవరి కిందా పనిచేయడు. ఒక నిచ్చెన, రెండు బకెట్లు, స్పాంజి, చివర రబ్బరు పట్టీ ఉన్న కర్ర, అంతే ఆయన ఆస్తి. పొద్దస్తమానం సబ్బు నురగలో ఉంటాడు కాబట్టి వీధి వీధంతా నురగ బాబాయి అంటుంది. ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆవిడ అందరికీ పిన్ని అయింది. పిన్నికి పరువంటే ప్రాణం. బాబాయి ధర పెంచిన వారమల్లా ఆవిడ కూరగాయలకి చుట్టుదారిన వెళ్లేది. దగ్గరిదారిన వెళ్తే ప్రతి గుమ్మం దగ్గరా ఆపి, మీ ఆయన మళ్లీ పెంచాడమ్మా అని ఆవిడే ఏదో తప్పు చేసినట్టు చెప్పేవాళ్లు.

పెంచడానికి ఆయనకో పద్ధతి ఉంది. ముందు అద్దమంతా నురగ పులిమేస్తాడు. లోపలివాళ్లకి బయట ఏమీ కనబడకుండా పోతుంది. అప్పుడు సరిగ్గా ఒక మనిషి మొహం పట్టేంత మేర గుండ్రంగా తుడిచి, అందులోంచి తొంగిచూసి, చావు కబురు చల్లగా చెబుతాడు. "ఈ నెల నుంచి కాస్త పెరిగిందండీ." కిటికీ తీసి పోట్లాడదామంటే నురగంతా ఇంట్లో పడుతుంది. మెట్లు దిగి వద్దామంటే ఈలోపు నిచ్చెన పక్కింటికి మారిపోతుంది. ఇక మిగిలింది ఆ గుండ్రటి సందులోంచి వేళ్లు చూపిస్తూ బేరమాడటమే. తలూపితే మిగతా నురగ పోతుంది, ఊపకపోతే నురగ అక్కడే ఎండుతుంది. వచ్చేపోయేవాళ్లంతా దాన్ని చూసి, ఓహో, వీళ్లింకా ఒప్పుకోలేదన్నమాట అనుకుంటూ పోతారు.

ఒకసారి పళ్ల డాక్టరు కిటికీ దగ్గర ఇలాగే మొహం పెట్టాడు. లోపల కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు, డాక్టరు రెండు చేతులూ ఆ నోట్లో ఉన్నాయి. చేతులు ఖాళీ లేవు కాబట్టి డాక్టరు కళ్లతోనే కోప్పడ్డాడు. బాబాయి మాత్రం కదల్లేదు. ఎంతకీ తెమలకపోయేసరికి, కుర్చీలో ఉన్నాయన ప్రాణం విసిగి, వేళ్లు పైకెత్తి మధ్యేమార్గంగా ఒక ధర చూపించాడు. పెద్దమనిషి తీర్పు చెప్పాడు, నాకు సమ్మతమే అన్నాడు బాబాయి. ఆయన నా పేషెంటయ్యా, ఆయనకేం సంబంధం అని డాక్టరు మొత్తుకున్నాడు.

"అందుకేనండీ నమ్మాను. నోరు మెదపకుండా న్యాయం చెప్పేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?"

ఇంతకీ ఆ వీధి ఆయన్ని ఎందుకు భరించిందంటే, ఆ జబ్బుకి వీధి కూడా అలవాటు పడిపోయింది. మూలింట్లోకి అద్దెకు వచ్చిన టీచరమ్మ ఉంది. ఆవిడ వచ్చి చాలా కాలమైనా బాబాయి చవక ధరే తీసుకునేవాడు. ఆవిడకి లోలోపల దిగులుగా ఉండేది, తననింకా పరాయిదానిలాగే చూస్తున్నారని. ఒకరోజు ఆవిడ కిటికీలోనూ మొహం ప్రత్యక్షమైంది. ఆవిడ బేరం కూడా ఆడకుండా తలూపేసి, మెట్లు దిగి వచ్చి, నాకూ పెంచారండీ అని ఇరుగుపొరుగుకి సంబరంగా చెప్పుకుంది. ఆ మాట విన్న పిన్ని, ఊరంతా ఒకే తాను గుడ్డలని తల కొట్టుకుంది.

ఇలా సాగుతుండగా కంపెనీ దిగింది. నీళ్ల ట్యాంకు బిగించిన బండి, చివర బ్రష్షు ఉన్న పొడవాటి గొట్టం, యూనిఫారం వేసుకున్న ఉద్యోగి. నిచ్చెన అక్కర్లేదు, కింద నిలబడి మూడో అంతస్తు కడిగేస్తాడు. ప్రతి తలుపు కిందినుంచీ ఒక రంగు కాగితం లోపలికి తోశారు. ధర సగం, పైగా ఏడాది పొడుగునా పెరగదని హామీ. వీధి ఆ కాగితాన్ని చాలా శ్రద్ధగా చదువుకుంది. పిన్ని అంతకంటే శ్రద్ధగా చదివింది, ఎందుకంటే వాళ్లింట్లో పొయ్యి వెలిగేది ఆ ఒక్క వీధి మీదే.

"ఈసారికి నోరు కట్టేసుకోండి. పెంచకపోతే కొంపేమీ మునిగిపోదు" అంది.

"కంపెనీ వచ్చిందని ఆగిపోతే, ఇన్నాళ్లూ నేను తీసుకున్నది అన్యాయమని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు కాదూ? పెంచుతాను. వీధి మొత్తానికీ పెంచుతాను."

"వీధి మొత్తం చేజారిపోతే?"

"ఇంకో వీధి చూసుకుంటాను. వాళ్లు పాతబడేదాకా ఆగుతాను."

"అందాకా మీ మోకాలు ఆగుతుందా, దాన్నొకసారి అడగండి" అంది పిన్ని.

మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు. అన్నీ పెరిగాయి, సబ్బు పెరిగింది, బకెట్టు పెరిగింది, నొప్పి పెరిగింది, నేనొక్కణ్ణే పెరక్కుండా ఉండటానికి నేనేమైనా మరుగుజ్జునా అంటూ ఆయన రాత్రంతా గొణిగాడు. తెల్లారేసరికి మోకాలు నిజంగానే వాచింది. నిచ్చెన పట్టుకునే మనిషి కావలసి వచ్చింది. పిన్ని చీర కొంగు దోపుకుని, నేనొస్తున్నానంది. మనసులో ఆవిడ పథకం ఆవిడకుంది. బాబాయి ధర మాటెత్తితే చాలు, నిచ్చెన ఊపేద్దామనుకుంది.

ఊపింది కూడా. మొదటి ఇల్లు రిటైరైన బ్యాంకు మేనేజరుది. బాబాయి సందులోంచి మొహం పెట్టగానే పిన్ని కిందినుంచి నిచ్చెన కుదిపింది. బాబాయి కిటికీ చట్రం పట్టుకుని వేలాడుతూనే ధర చెప్పాడు. మళ్లీ కుదిపింది. పైన ప్రమాదం పెరిగింది కాబట్టి ఇంకొంచెం పెరిగిందండీ అన్నాడు. మేనేజరు కంపెనీ కాగితం తెచ్చి అద్దానికి ఆనించి చూపించాడు. చాలా బాగుందండీ, పిలిపించుకోండి అని బాబాయి నురగ అలాగే వదిలేసి దిగివచ్చాడు. మేనేజరు నిజంగానే పిలిపించుకున్నాడు, మళ్లీ ఎప్పుడూ బాబాయి మొహం చూడలేదు. పళ్ల డాక్టరు ఆలోచించుకుంటానన్నాడు. 

ఆ తర్వాత పెద్ద బిల్డింగు. వీధిలో అన్నిటికంటే ఎక్కువ కిటికీలున్నది దానికే. అది చేజారితే మిగతా వీధి కూడా దాని వెంటే పోతుందని అందరికీ తెలుసు. అందులో పై అంతస్తులో గడియారాలు బాగుచేసే తాతయ్య ఉంటాడు. భార్య పోయినప్పట్నుంచీ ఆయన దుకాణం మూసేశాడు, తెరలు దించేశాడు, మనుషులతో మాట మానేశాడు. అన్నం తెచ్చిపెట్టే పక్కింటావిడకి కూడా ఊఁ, ఆఁ తప్ప బదులు ఉండేది కాదు. బాబాయి ఆ కిటికీకి నిచ్చెన వేస్తుంటే పిన్ని కాళ్లావేళ్లా పడింది. ఈ ఒక్క ముసలాయన్ని వదిలెయ్యండి, ఉసురు తగులుతుంది అంది. బాబాయి విననట్టే ఎక్కిపోయాడు.

ఎక్కి, నురగ పులిమి, సందు చేసి, అద్దం మీద టకటకా కొట్టి, ఈసారి రెట్టింపండీ తాతయ్యగారూ అని అరిచాడు. పిన్ని సిగ్గుతో కళ్లు మూసుకుంది. నిచ్చెన ఊపడానికి కూడా ఓపిక లేకపోయింది.

పైన తెర సర్రున పక్కకి లాగిన చప్పుడైంది. తర్వాత కిటికీ రెక్క తెరుచుకుంది. నురగంతా ఇంట్లో పడింది, ఆ ముసలాయన లక్ష్యపెట్టలేదు.

"రెట్టింపా? నీ మొహం చూశావురా ఎప్పుడైనా? అద్దాలు తుడిచేవాడివి కదా, చూసుకో ఒకసారి."

పిన్ని కళ్లు తెరిచింది. మనుషులతో మాట మానేసిన మనిషి గొంతు వీధి చివరిదాకా వినబడుతోంది. ఆయన బాబాయిని గజదొంగ అన్నాడు, కిందటిసారి ఎంత తీసుకున్నాడో, అంతకుముందు ఎంత తీసుకున్నాడో, తన భార్య ఉన్న రోజుల్లో ఎంత తీసుకునేవాడో వరసపెట్టి అప్పజెప్పాడు. వెంటనే బాబాయి, అమ్మగారైతే బేరమాడకుండా ఇచ్చేవారండీ అన్నాడు. అబద్ధం, అది నాకంటే గట్టిది, నీ ధరని సగానికి సగం కోసేది అని తాతయ్య ఎగిరిపడ్డాడు. ఆవిడ ఎలా కోసేదో, ఏమని తిట్టేదో చెబుతూ పోయాడు. బాబాయి కిటికీ చట్రం మీద మోచెయ్యి ఆనించుకుని, అంతా విని, చివరికి ఓడిపోయాడు. మామూలుగా ఓడిపోవడం కాదు, పాత ధరకంటే తక్కువకి దిగిపోయాడు.

కిందికి దిగాక పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇది ఎన్నాళ్లుగా?"

బాబాయి స్పాంజి పిండుతూ నసిగాడు. అమ్మగారు పోయిన కొత్తల్లో తుడవడానికి వెళ్తే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడట. పలకరిస్తే పలికేవాడు కాదు. ఒకరోజు ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ, పెరిగిందండీ అన్నాడట. "అంతే, లేచి కూర్చున్నాడు. నన్ను తిట్టడానికి చెప్పులు కూడా వెతుక్కున్నాడు. ఇన్నాళ్లూ రెక్క తీయకుండా లోపల్నుంచే తిట్టేవాడు, ఇవాళ రెట్టింపనేసరికి తీసేశాడు."

"అందుకని ప్రతిసారీ పెంచుతున్నారా?"

"పెంచకపోతే ఎలా లేస్తాడే? బాగున్నారా అంటే ఈ లోకంలో ఎవరు లేస్తారు?"

పిన్నికి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చుట్టుదారిన నడిపించి, ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదా అని అక్కడే కడిగిపారేసింది. చెబితే నువ్వు అందరికీ చెప్పేదానివి, తాతయ్యకి తెలిస్తే పోట్లాటలో పస ఉండదు అన్నాడు బాబాయి. అది నిజమే కాబట్టి ఆవిడకి ఇంకా మండింది.

అంతలో పిడుగు పడనే పడింది. బిల్డింగు యజమాని చవక చూసుకుని, అద్దెకున్నవాళ్లని ఎవర్నీ అడక్కుండా, మొత్తం కిటికీలన్నీ కంపెనీకి ఇచ్చేశాడు. బాబాయి నిచ్చెన గోడకి ఆనించి, మీసం మెలేసుకుంటూ, ఏమీ పట్టనట్టు తిరిగాడు. అన్నం మాత్రం సగంలో లేచిపోయేవాడు. పిన్ని ఊరుకోలేకపోయింది. కంపెనీ బండి వచ్చిన రోజున ఆవిడే వెళ్లి బిల్డింగు ముందు నిలబడింది, ఏం చెయ్యాలో తనకే తెలియకపోయినా.

ఉద్యోగి గొట్టం పైకెత్తి తాతయ్య కిటికీ కడగడం మొదలుపెట్టాడు. తెర కదలలేదు. నీళ్లు జలజలా కారాయి. చాలాసేపటికి తెర పక్కకి జరిగింది, తాతయ్య రెక్క తీసి కిందికి వంగి చూశాడు.

"ఏమయ్యా, ఎంత పెంచావు?"

"పెంచలేదండీ. ఏడాదంతా ఇదే ధర" అని ఉద్యోగి మర్యాదగా చెప్పాడు.

"వచ్చే నెల?"

"ఇదేనండీ."

"ఆ పై నెల?"

"ఇదేనండీ, హామీ ఉంది."

"మరి నువ్వు రావడమెందుకయ్యా?" అని తాతయ్య రెక్క మూసేశాడు.

ఆ తర్వాత జరిగింది వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. భార్య పోయాక గడప దాటని మనిషి, చెప్పులీడ్చుకుంటూ అన్ని మెట్లూ దిగి వచ్చి, యజమాని తలుపు తట్టాడు. పాపం ఆ యజమాని ధర గురించి పోట్లాడి ఎరగడు. తాతయ్య నెలనెలా సాధన చేసిన మనిషి. ఎంతసేపు వాదించాడో ఏమో, బయటికి వచ్చేటప్పుడు యజమాని నుదురు తుడుచుకుంటూ, ఆ నురగాయన్నే పిలవండమ్మా, నాకు ఈయన్ని తట్టుకునే శక్తి లేదు అని పిన్నికి దండం పెట్టాడు. ఈ గొడవంతా చూసిన పళ్ల డాక్టరు, ఆలోచించుకోవడం అయిపోయింది, మీ ఆయన్ని రమ్మనండి, ధర మాత్రం మా కుర్చీలో వాళ్లని అడగొద్దని చెప్పండి అన్నాడు.

మర్నాడు బాబాయి నిచ్చెన మళ్లీ ఆ గోడకి ఎక్కింది. మోకాలికి గుడ్డ కట్టుకుని, మీసం కింద నవ్వు దాచుకుని ఎక్కి, నన్ను తీయించేశారు కాబట్టి ఈసారి మూడింతలు అన్నాడు. కిటికీ తెరుచుకుంది, నురగ పడింది, తిట్లు పడ్డాయి. మామూలుగానే బాబాయి ఓడిపోయాడు.

గెలిచిన ఉత్సాహంలో తాతయ్య కిందికి వంగి, నిచ్చెన పట్టుకున్న పిన్నిని చూశాడు. జాలిగా తలాడించాడు.

"మీ ఆయనకి బేరం చేతకాదమ్మా. నేను కాబట్టి సరిపోయింది కానీ, ఇంకొకరైతే నిలువునా ముంచేస్తారు."

"తెలుసండీ తాతయ్యగారూ, అందుకే నేనొచ్చాను. ఇందాకటిది ఆయన ధర. నిచ్చెన పట్టుకున్నందుకు నాకు వేరే ఇవ్వాలి" అంది పిన్ని.

నిచ్చెన మీద బాబాయి బిక్కచచ్చిపోయి కిందికి చూశాడు. తాతయ్య లోపలికి వెళ్లి, కుర్చీ ఈడ్చుకొచ్చి కిటికీ దగ్గర వేసుకుని, తీరిగ్గా కూర్చుని, రెండో రెక్క కూడా బార్లా తెరిచాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పమ్మా, ఎంతన్నావు?"