మిరపచేను మీద ఎర్రదుమ్ము

మా ఇంట్లో నర్సులున్నారు, టీచర్లున్నారు. పురుగుల గురించి చదివింది నేనొక్కదాన్నే. బళ్లారిలో పాత మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం మాది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా "పాప ఏం చేస్తాందమ్మా?" అని అడిగితే మా అమ్మ కాస్త ఇబ్బంది పడి, "రైతులకు సలహాలు చెప్తాది" అనేది. పురుగుల మాట ఎత్తేది కాదు.

నా ఉద్యోగం మందుల వాడకం తగ్గించడం. పంటను తినే పురుగుల్ని తినే పురుగులు కూడా చేనులోనే ఉంటాయని, విషం చల్లితే ముందు చచ్చేది అవేనని ఊరూరా తిరిగి చెప్పేదాన్ని. ఎమ్మిగనూరు వైపు వరి రైతులు విన్నారు. మోకలో పత్తి రైతులు విన్నట్టు తలూపి వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు. తారానగర్ దగ్గర ఒక మిరప రైతు మాత్రం పూర్తిగా నమ్మాడు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. భార్యాభర్తలిద్దరే చేను చూసుకునేవారు. మొదటిసారి భూతద్దం చేతికిచ్చి మిరపాకు వెనకవైపు చూడమన్నప్పుడు, ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. అక్కడ అక్షింతల పురుగు పిల్ల ఒకటి ఆకు రసం పీల్చే పేనుబంక పురుగును నములుతోంది.

"ఏయ్, ఈడికి రా! మన సేన్లో కూలోళ్లు ఉండారు, మనకే తెలీదు!" అని భార్యను కేకేశాడు.

ఆ ఏడు ఆయన పురుగుమందు ముట్టలేదు. పంట బాగా వచ్చింది. గట్టు మీద నిలబడి పక్క రైతులకు నా మాటలే అప్పజెప్పేవాడు. మా పై అధికారులను తీసుకెళ్లి ఆ చేనే చూపించాను, ఫోటోలు తీయించాను. నాకు చాలా గర్వంగా ఉండేది.

మరుసటి ఏడు ఇనుప ఖనిజానికి గిరాకీ లేచింది. చేను పక్క దారిలో రాత్రీపగలూ లారీలే. మిరప మొక్కలు పచ్చగా కాక ఇటుక రంగులో కనిపించేవి. నేను ఇంటికొచ్చి తలకు పోసుకుంటే నీళ్లు ఎర్రగా కారేవి. ఆకు మీద దుమ్ము పేరుకుంటే ఆకుల్ని పీల్చే, కంటికి సరిగా ఆనని పంటనల్లి పెరుగుతుందని, దాన్ని తినే జీవులు ఆ దుమ్ములో బతకలేవని నాకు తెలియని విషయం కాదు. చదువుకున్నదే. అయితే చదువులో చెప్పిన దుమ్ము బండిదారి పక్కన కొన్ని సాళ్లకు పట్టేది. చేనంతా కప్పేసే దుమ్మును నేను ఊహించుకోలేదు.

పూత మొదలయ్యే సమయానికి ఆకులు బోర్లించిన పడవల్లా కిందికి ముడుచుకోసాగాయి. అది నల్లి పనే. ఆయన అప్పటికే గంధకం పొడి తెచ్చి పెట్టుకున్నాడు.

"కొట్టమంటావా అమ్మా? పక్క సేన్లో కొడ్తాండారు."

ఆయన భార్య కూడా, "ఒకసారి కొడితే ఏమైతాదమ్మా?" అంది.

ఆకులు తిప్పి చూశాను. నల్లిని తినే జీవులు అక్కడక్కడా కనిపించాయి. "గంధకం కొడితే ఇవీ పోతాయి. ఒక్క వారం ఆగండప్పా. నేనే వచ్చి చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే కొడదాం" అన్నాను.

"నువ్వు చెప్పినాక ఇంకేముండాది" అన్నాడాయన.

అన్నట్టే వారానికి బయల్దేరాను. సండూరు దారిలో లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం దాకా చూసి డ్రైవరు కన్నడం కలిపి, "ఇవత్తు ఆగల్లమ్మా, ఈ పొద్దు పోయేది కాదు" అని బస్సు వెనక్కి తిప్పాడు. మరునాడు ఆఫీసులో శిక్షణ తరగతి, ఆ వెంటనే మా చెల్లెలి పెళ్లి. ఆ ఊరి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, మందు కొట్టేయమని కబురు పెట్టి ఉండొచ్చు; పెట్టలేదు. కొన్ని రోజులకే ఏమవుతుందిలే అనుకున్నాను. పెళ్లిలో పడి ఆ సంగతే మరిచాను.

మళ్లీ వెళ్లేసరికి పూతంతా రాలిపోయింది. ఆకు నలిపితే పొడి పొడి అయింది. పాకలో గంధకం సంచి మూతి కూడా విప్పలేదు.

"వస్తావని చూసినామమ్మా. నువ్వు లేకుండా కొడితే నీ పని చెడగొట్టినట్టు అయితాదేమోనని ఆగినా" అన్నాడు.

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన భార్య మజ్జిగ తెచ్చింది. "దుమ్మమ్మా, ఈ పాడు దుమ్ము! నువ్వేం చేస్తావు?" అంది. మజ్జిగ తాగి గ్లాసు తిరిగిచ్చాను.

ఆ దుమ్ములో గంధకం కొట్టినా పెద్దగా పనిచేసేది కాదని ఆఫీసులో వాళ్లు నాకు ధైర్యం చెప్పారు. కావచ్చు. పక్క చేనులో మాత్రం సగం పంటైనా చేతికొచ్చింది.

ఆ ఎండాకాలమే ఆయన ఖనిజం కుప్పలు పోసుకోవడానికి గనుల వాళ్లకు చేను అద్దెకు ఇచ్చేశాడు. చాలామంది అదే చేశారు. తర్వాత ఒకసారి సండూరు బస్టాండులో కనిపించి నన్ను బలవంతంగా టీ తాగించాడు. "నీ అంత చదువుకున్నోళ్లు చూసినా పంట నిలబడల్యా అంటే, ఇంక సేద్యం మన చేతిలో లేదనుకున్నా. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఆ రోజు బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

కొన్నేళ్లకు గనులు ఆగిపోయాయి, కుప్పలు ఎత్తేశారు. ఒకరోజు ఆయన భార్య ఫోన్ చేసింది. "మళ్లా సేద్యం చేస్తానంటాండాడు. ఒకసారి వస్తావా అమ్మా?"

వెళ్లాను. నేలలో పార దిగలేదు. పశువుల ఎరువు తోలించి ముందు జొన్న వేసి చూద్దామన్నాను. "కానీ ఈసారి నా కోసం ఆగొద్దప్పా. మీకు ఏది మంచిదనిపిస్తే అది చేయండి."

ఆయన నవ్వాడు. "అట్లయితే నువ్వెందుకు మళ్లా?"

ఆ పంటకాలమంతా వారం వారం వెళ్లాను. అంచుల్లో జొన్న బాగానే లేచింది. కుప్పలు ఎక్కువగా పోసిన నడిమి భాగంలో మాత్రం మొలకే రాలేదు. ముగ్గురం ఆ ఖాళీ జాగా చుట్టూ తిరిగి చూశాం. వచ్చే ఏటికి ఇంకాస్త ఎరువు తోలాలన్నాడాయన. సరేనన్నాను.