మూడో అంతస్తు గోడకు అవతల

మా పిన్ని లిఫ్టు మెకానిక్. మా చుట్టుపక్కల ఏ భవనంలో లిఫ్టు మొరాయించినా ఆవిడకే ఫోను. తలుపు మూసుకునే చప్పుడు విని ఏ అంతస్తులో ఏ చక్రం అరిగిందో చెప్పేస్తుంది. డిగ్రీలో సీటు వచ్చినా చేరకుండా ఈ పనిలోకి దిగిన మనిషి. "నాకేం తక్కువ?" అని అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ చెబుతూ ఉంటుంది. అడగని వాళ్లకు అన్నిసార్లు ఎందుకు చెబుతుందో నాకు అప్పట్లో తట్టలేదు.

నేను కాలేజీలో చేరడానికి ఇంకా రెండు రోజులే గడువు. చేరను, పిన్ని దగ్గర పని నేర్చుకుంటానని మంకుపట్టు పట్టాను. నాకు చదువు రాక కాదు. స్పానరు పట్టుకుంటే నా చేతులకు ప్రాణం వస్తుంది, పుస్తకం పట్టుకుంటే ఆవలింతలు వస్తాయి. అమ్మ విసిగిపోయి, "ఒక్కరోజు దానితో వెళ్లి చూడు, నీ మోజు తీరుతుంది" అంది.

పిన్ని ఆ రోజు తీసుకెళ్లింది ఆ కాలేజీకే. ఒకప్పుడు తనకూ ఇప్పుడు నాకూ సీటు వచ్చింది అక్కడే. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకుని లిఫ్టు పైకప్పు మీదికి ఎక్కాం. చుట్టూ బావిలోలా గోడలూ చీకటీ. పిన్ని దాన్ని నెమ్మదిగా నడిపి మూడో అంతస్తు దగ్గర ఆపింది. పనిముట్ల సంచీ కూడా విప్పలేదు. గోడకు చెవి ఆనించి కూర్చుంది.

గోడకు అవతల క్లాసు జరుగుతోంది. లెక్చరరు ఏదో ప్రశ్న అడిగారు. క్లాసంతా గప్‌చిప్. ఆ చీకట్లో పిన్ని గొణుక్కున్నట్టు జవాబు చెప్పింది. కాసేపటికి ఆయన చెప్పిన జవాబూ అదే, పొల్లుపోకుండా.

పక్కన కూర్చున్నది పిన్ని కాదనీ, ఎప్పుడో ఆ క్లాసులో ఉండవలసిన పద్దెనిమిదేళ్ల పిల్ల అనీ అనిపించి నిజంగా భయం వేసింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"సర్వీసుకు వచ్చినప్పుడల్లా. ఇరవై రెండేళ్లు."

"అయితే ఈ పని నీకు ఇష్టం లేదా పిన్నీ?"

"లేదని ఎవరన్నారే? ఈ పనంటే నాకు ప్రాణం. అయినా మనం వదిలేసింది ఊరుకోదు, వెంట పడుతుంది. నువ్వు ఏది వదిలినా అంతే. దేనితో వేగగలవో నువ్వే చూసుకో."

ఆ చీకట్లో అలా కూర్చునే గతి నాకు పట్టకూడదని కాలేజీలో చేరిపోయాను. అమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. పిన్ని మాత్రం మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు.

మూడో అంతస్తు క్లాసులో గోడ పక్క బెంచీ నాది. నిన్న పాఠం మధ్యలో లిఫ్టు వచ్చి గోడ వెనక ఆగింది. ఆగేటప్పుడు చిన్న కుదుపు. బ్రేకు వదులైంది, సర్దాలి. బెంచీ కింద నా వేళ్లు కనిపించని నట్టును తిప్పుతున్నాయి. లెక్చరరు నన్ను చూసి ఏదో అడిగారు. లేచి నిలబడ్డాను. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆయన ఏం అడిగారో నాకు తెలియదు. గోడకు అవతల ఉన్న మనిషికి తెలుసు.