సినిమాల్లో లేని ఒక్క మాట

మొన్న మంచు తుఫానుకు బడికి సెలవిస్తే మా మనవరాలు నా దగ్గరే ఉండిపోయి, మధ్యాహ్నం టీవీలో ఏవేవో తిప్పుతూ ఒక పాత స్వీడన్ సినిమా దగ్గర ఆగింది. తెర నిండా ఒక అమ్మాయి ముఖం, గాలికి చెదిరిన జుట్టు, మాట్లాడబోయే ముందు కింది పెదవిని కాస్త లోపలికి లాక్కునే అలవాటు. కాఫీ కప్పుతో అలాగే నిలబడిపోయాను. ఆ పెదవి కదలడం ఆగిపోయిన రోజు పక్కనున్న డాక్టర్ని నేనే.

కెనడాలో ఈ హాలిఫాక్స్ ఊళ్ళో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రేవుకెదురుగా ఉన్న వృద్ధాశ్రమంలో ఆవిడ ఉండేవారు. ఇరవై ఏళ్ళు నిండకుండానే సినిమాల్లోకి వెళ్ళి, మొదటి వేషంతోనే స్వీడన్‌లో ఇంటింటికీ తెలిసిన మనిషై, కొన్నాళ్ళకు కథానాయికల తల్లిగా, ఆ తర్వాత టీవీ సీరియల్లో పల్లెటూరి డాక్టరుగా ఏళ్ళ తరబడి నటించారు. వీధిలో కనబడితే జనం నిజంగానే మందులడిగేవారని చెప్పి, మనిద్దరిదీ ఒకటే వృత్తి అని నాతో నవ్వేవారు. మధ్యలో ఒక కెనడా నావికుణ్ణి పెళ్ళాడి కూతుర్ని కన్నారు గానీ, షూటింగులు వదల్లేక పసిదాన్ని తండ్రితో ఈ ఊరు పంపేశారు. ఆ కూతురు తల్లిని చూస్తూ పెరిగింది తెర మీదే. వేషాలు రావడం మానేశాక, ముసలితనంలో ఆవిడే కూతుర్ని వెతుక్కుంటూ వచ్చారు.

మతిమరుపు జబ్బు ముదిరి ముందు పేర్లు, ఆ తర్వాత ఇంగ్లిష్ మొత్తం పోయింది. మిగిలింది స్వీడిష్ ఒక్కటే, అది కూతురికి ముక్క రాదు. తల్లికి కాస్త ఊరటగా ఉంటుందని కూతురు ఆ పాత సినిమాల క్యాసెట్లు తెప్పించి గదిలో వేసేది. ఒక రోజు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“డాక్టర్, అమ్మ ఇన్నాళ్ళూ మాట్లాడుతున్నవి సినిమా డైలాగులు!”

నిజమే. తెర మీద పడుచు గొంతు ఒక మాట అనేది, కుర్చీలోంచి ముసలి గొంతు అదే మాట అనేది. తల్లి ఏదైనా అన్నప్పుడల్లా కూతురు క్యాసెట్టు వెనక్కి తిప్పి, ఆ మాట వచ్చే చోట తెర అడుగున ఇంగ్లిష్‌లో వచ్చే అక్షరాలు చదివి అర్థం చెప్పుకునేది. ఒక్క వాక్యం మాత్రం ఏ సినిమాలోనూ దొరకలేదు. పొద్దు వాలేటప్పుడు కిటికీ వైపు తిరిగి ఆవిడ అదే అడిగేవారు, ఎవరైనా బదులు చెప్పేదాకా ఆగుదామన్నట్టు చూసేవారు.

చివరికి కూతురు, రేవులో ఆగిన ఒక స్వీడన్ ఓడ నుంచి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన విని, టోపీ తీసి చేత్తో పట్టుకుని, కూతురి వైపు తిరిగారు.

“‘కెమెరా ఆపేశారా? ఇప్పుడు నేను ఏడవొచ్చా?’ అని అడుగుతున్నారమ్మా.”

అవునని వాళ్ళ భాషలో ఎలా అనాలో ఆయన్ని అడిగి, కూతురు తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, “యా” అంది. ఆవిడ ఆ ముఖాన్నే చూస్తూ ఉండి, పెద్దగా ఏడ్చారు. సినిమాల్లో ఏడ్చినంత అందంగా కాదు, మూతి వంకర్లు పోతూ, గొంతు పగిలేలా. కూతురు తన చేతి రుమాలుతో తుడుస్తూనే ఉంది. ఆ వారంలోనే ఆవిడ వెళ్ళిపోయారు.

ఇదంతా ఇంగ్లిష్‌లో చెబితే మా మనవరాలు నా ఒళ్ళో తల పెట్టుకుని, “అమ్మమ్మా, విల్ యు ఫర్గెట్ ఇంగ్లిష్ టూ?” అంది. నవ్వేసి దాని జుట్టు నిమిరాను. మేమొచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో తెలుగు మాట వినాలంటే వారాల తరబడి ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు బస్సెక్కితే చదువుకోడానికొచ్చిన పిల్లలు ఫోన్లలో గలగలా తెలుగే మాట్లాడుతుంటారు. వాళ్ళు దిగేదాకా వింటూ కూర్చుంటాను. ఐనా ఏదో దిగులు. చివరికి నా నోట మిగిలే మాట ఏదవుతుందో, అది విని ఈ పిల్ల ఏమని జవాబిస్తుందో.