నాన్న ఆడితే ఆగిపోయే యంత్రం

ముందుగా, ఖాయంగా చెప్పగలిగినవి చెబుతాను. డెబ్భైల చివర్లో, భవానీపురంలోని మా ఇంటి ముందుగదిలో అగ్గిపుల్లల ఆట ఆడే యంత్రం ఒకటి ఉండేది. పాలిటెక్నిక్ చదువుతున్న మా అన్నయ్య దాన్ని తయారు చేశాడు. అది ఆట మధ్యలో ఆగిపోయేది. ఇవి నేను కళ్లారా చూసినవి. జిల్లాలో అదే మొదటి కంప్యూటరన్నది మా మేనమామ ప్రచారం, ఆధారం లేదు. ఒక్క ఆట తప్ప మరేమీ రాని దాన్ని కంప్యూటరనవచ్చా అన్నదీ సందేహమే. ఇక, నాన్న చూపుకు జడిసి అది ఆగిపోతుందన్నది పక్కింటివాళ్ల మాట. ఈ మాటను మాత్రం నవ్వి వదిలేయలేకపోయాను. ఎందుకంటే అది నిజంగానే ఎక్కువగా నాన్న ఆడుతున్నప్పుడే ఆగేది.

పాడైపోయిన వాల్వు రేడియో చెక్కపెట్టెను ఖాళీ చేసి, అన్నయ్య అందులో ట్రాన్స్‌ఫార్మరూ ట్రాన్సిస్టర్లూ అమర్చాడు. స్టేషన్ల అద్దం ఉండే చోట టార్చిలైటు బల్బులు వరుసగా పెట్టాడు. ఒక్కో బల్బు ఒక్కో అగ్గిపుల్లన్నమాట. మన వంతు వచ్చినప్పుడు ఒకటో, రెండో, మూడో ఆర్పాలి. తర్వాత యంత్రం ఆర్పుతుంది. చివరి బల్బు ఎవరికి మిగిలితే వారు ఓడినట్టు. బల్బుల సంఖ్యను అన్నయ్య అందుకు తగ్గట్టే పెట్టాడు, మొదటి ఎత్తు ఎప్పుడూ మనదే కాబట్టి, లెక్క ప్రకారం యంత్రం ఓడిపోదు. దాని చేతిలో ఓడకుండా ఉండాలంటే ఆట ముగిసేలోగా అది ఆగిపోవాలి. ఆగినప్పుడు బల్బులన్నీ ఒక్కసారిగా వెలిగి, ఏ మీట నొక్కినా అలాగే ఉండిపోయేవి.

ఆ వేసవిలో నాన్నకు ఓపిక నశించింది.

“రేడియో పోయింది, బల్ల పోయింది, ముందుగది పోయింది. ఇక చదువొక్కటే మిగిలింది పోవడానికి,” అన్నారు అన్నయ్యతో. “ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాతో ఒక్క ఆట పూర్తిగా ఆడమను. ఆడిందా, ఉంచుకో. ఆగిందా, విప్పేసి ఆ సామానంతా రేడియో కొట్టువాళ్లకి ఇచ్చెయ్.”

అన్నయ్య ఆ వారమంతా అతుకులన్నీ మళ్లీ అతికాడు. సోల్డరింగ్ పొగ వాసన అన్నం కంచాల దాకా వచ్చేది. తానొక్కడే కూర్చుని ఆడినంతసేపూ యంత్రం నిక్షేపంగా పనిచేసేది. అదే వాడికి దిగులు. కనపడని లోపాన్ని ఎక్కడని వెతుకుతాడు?

ఉయ్యూరు నుంచి వచ్చిన మామయ్యకు మాత్రం సందేహమే లేదు.

“వోల్టేజీ దెబ్బ అల్లుడూ! మా చెరుకుతోటల్లో మోటార్లు వేశామంటే ఇంట్లో దీపాలు మిణుగురులే.”

“మోటార్లు ఉయ్యూరులో ఉన్నాయి మామయ్యా. మేమున్నది భవానీపురంలో,” అన్నాను.

“తీగలన్నీ ఒకటే కదే కోడలా! బీయస్సీలో అదీ చెప్పలేదూ?”

పరీక్షించకుండా కొట్టిపారేయడం కూడా మూఢనమ్మకమే. కాలేజీ నుంచి మీటరు తెచ్చాను. సాయంత్రం దీపాలు బాగా మసకబారినప్పుడు అన్నయ్యను ఆడమన్నాను. యంత్రం ఆగలేదు. నాన్నలాగే ప్రతి ఎత్తుకూ చాలాసేపు ఆలోచిస్తూ ఆడమన్నాను. అప్పుడూ ఆగలేదు.

“అయితే అనుమానమేముంది, బావగారి చూపే!” అని మామయ్య తీర్పు చెప్పాడు.

మర్నాడు నాన్న ఆఫీసులో ఉండగా మామయ్యే ఆటకు కూర్చున్నాడు. ఎత్తుకొక కబురు చెబుతూ మధ్యాహ్నమంతా సాగదీశాడు. బల్బులన్నీ భగ్గున వెలిగాయి. నాన్న నిర్దోషి. ఆనుకుని నిలబడదామని పెట్టె మీద చెయ్యి వేసి చురుక్కుమనడంతో వెనక్కి తీసుకున్నాను. చేతికి తగిలింది చెక్క కాదు, ముఖమల్ గుడ్డ.

ఆ రోజుల్లో మా ఇళ్లలో రేడియో గాని, కుట్టుమిషను గాని, ఆఖరికి ట్రంకుపెట్టె గాని కవరు లేకుండా నలుగురి కంటా పడేది కాదు. ఆ ముఖమల్ కవరు చర్చి స్త్రీల సమాజంలో అమ్మ స్వయంగా కుట్టినది. లోపల దళసరి లైనింగు, పైన ద్రాక్షగుత్తుల అల్లిక. పాత రేడియోది కాబట్టి పెట్టెకు సరిగ్గా సరిపోయేది. అన్నయ్య ఒంటరిగా ఉంటే దాన్ని తీసి పక్కన పడేసేవాడు. ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి కూర్చుంటే అమ్మ మర్యాదగా తొడిగి, ముందు తెర మాత్రం పైకి మడిచేది. బల్బులు కనిపిస్తున్నాయి కాబట్టి కవరు తీసే ఉందని అందరం అనుకున్నాం. వెనక గాలి రంధ్రాలు మూసుకుపోయిన సంగతి ఎవరికీ తట్టలేదు. వేగంగా ఆడేవాళ్ల ఆట పెట్టె వేడెక్కేలోగానే ముగిసిపోయేది.

ఎవరూ ఆడకుండా కవరు తొడిగి ఉంచాను, కాసేపటికి ఆగింది. తీసి చల్లారనిచ్చాను, నడిచింది. మళ్లీ తొడిగాను, మళ్లీ ఆగింది.

“దానికి ఊపిరాడటం లేదమ్మా,” అన్నాను.

“ఇన్నేళ్లూ రేడియోకి ఆడలేదటే?”

అది న్యాయమైన ప్రశ్న. వాల్వులు వేడిని ఓర్చుకుంటాయనీ ట్రాన్సిస్టర్లు ఓర్చుకోలేవనీ చెప్పాను.

“అయినా పేగులు బయటేసుకున్నట్టు ఆ తీగలేమిటే, వచ్చినవాళ్ల ముందు!”

“వెనకవైపు ఎవరు చూస్తారమ్మా?”

“మీ అత్తయ్య చూస్తుంది.”

ఆదివారం నాన్న చర్చి బట్టలతోనే కూర్చున్నారు. అలవాటు చొప్పున అమ్మ కవరు పట్టుకొచ్చి, అన్నయ్య ముఖం చూసి, దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. కిటికీలు మూసిన ఆ మధ్యాహ్నపు చీకట్లో బల్బుల వెలుగు నాన్న కళ్లజోడులో కనిపించింది. ఆ దృశ్యం నా కళ్లలో ఇప్పటికీ చెదరలేదు.

“ఒక్క బల్బు ఆర్పడానికి ఇంత ఆలోచనా బావగారూ?” అన్నాడు మామయ్య.

“తొందరైతే ఉయ్యూరు బస్సుంది.”

చివరకు ఒకే బల్బు మిగిలింది. వంతు నాన్నది.

నాన్న మీట నొక్కి ఆ బల్బు ఆర్పి, లేచారు. “రేడియో కొంటే దానికి వేరే బల్ల చూడాలి,” అన్నారు అమ్మతో.

తేలనిది ఒక్కటే. ఎక్కువసేపు సాగితే యంత్రం ఆగిపోతుందని ముందే కనిపెట్టి, ఓడటం ఇష్టం లేక నాన్న నెమ్మదిగా ఆడేవారా? చాలా ఏళ్ల తర్వాత అడిగాను. “ఆలోచించకుండా ఆడమంటావా?” అన్నారు. వంకాయలు ఏరడానికీ ఆయన అంతసేపూ తీసుకునేవారు. ఆలోచించే మనిషీ, అది ఆగేదాకా కాచుకుని కూర్చున్న మనిషీ బయటికి ఒకేలా ఉంటారు. యంత్రం గెలవాలని ఆయన కోరుకున్న ఆట ఒక్కటి దొరికితే పోల్చి చూడవచ్చు. ఆ ఆదివారం ఆట అలాంటిదేనేమో, నాకు తెలియదు. ఆ రోజూ ఆయన అంతే నెమ్మదిగా ఆడారు.