'టక్' వినపడాలి

మా ఆయన కార్ల ఏసీలు బాగుచేస్తారు. షెడ్డులో మీటర్లున్నా ఆయన నమ్మకమంతా చెవి మీదే. ఇంజన్ నడుస్తుండగా ఏసీ మీట నొక్కితే, బానెట్ కింద కంప్రెసర్ 'టక్'మని అందుకుంటుంది. ఆ చప్పుడు ఆయన కళ్లు మూసుకునే వింటారు. అందుకే వీధిలో అందరికీ టక్కుమావయ్య అయ్యారు. టక్కరితనం మాత్రం మచ్చుకైనా లేదు. ఉంటే ఈపాటికి మేడ కట్టి ఉండేవాళ్లం.

అలాంటి చెవులు మొరాయించాయి. నాకు తెలియనివ్వకుండా చాన్నాళ్లు నెట్టుకొచ్చారు. తలుపు వెయ్యమంటే తల ఊపి ఊరుకునేవారు. పెళ్లాం మాట వినకపోవడం కొత్తేముంది అని నేనూ సరిపెట్టుకున్నాను. ఒకరోజు 'టక్' వినపడలేదని నిక్షేపంలాంటి కంప్రెసర్‌ను ఊడదీసి పక్కన పెట్టేశారు. ఆ కారాయన నడివీధిలో కడిగిపారేశాడు. ఇంటికొచ్చి, షెడ్డు మూసేస్తానన్నారు. నాకు ఒళ్లు మండి, డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లి చెవి మిషను పెట్టించాను. ఇది పెట్టుకున్నా 'టక్' వినపడకపోతే మర్నాడే షెడ్డు తాళాలు ఓనరుకి ఇచ్చేస్తానని తేల్చి చెప్పేశారు.

సరిగ్గా అప్పుడే ఒక టాక్సీ వచ్చింది. ఈసారి అనుమానమే లేదు. కంప్రెసర్ బిగుసుకుపోయింది, చేత్తో తిప్పితే కదలడం లేదు, బెల్టు మాడిన వాసన. వంట పక్కనబెట్టి షెడ్డులోనే తిష్ట వేశాను.

పాత గ్యాసు తీసి, బెల్టు వదులుచేసి, పైపులు విప్పి, చచ్చిన కంప్రెసర్‌ను కిందికి దించారు. ఇనుప రజను లోపల మిగలకుండా పైపులు కడిగారు. కొత్తదాన్ని బిగించి, నూనె పూసిన కొత్త రబ్బరు రింగులతో పైపులు కలిపారు. పంపు పెట్టి లోపలి గాలీ తడీ లాగేస్తుంటే, ఆ పంపు ఎప్పుడు ఆగుతుందా అని నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి గ్యాసు ఎక్కింది.

నేను స్టీరింగు ముందు కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి, ఏసీ మీట నొక్కాను. మొహానికి చల్లగాలి కొట్టింది. తల బయటపెట్టి చూస్తే, బానెట్ పక్కన ఆయన కళ్లు మూసుకుని నవ్వుతున్నారు. వినపడిందన్నారు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. నెలల తరబడి తల ఊపి బురిడీ కొట్టించిన మనిషి కదా. పైగా నన్ను బాధపెట్టలేక అబద్ధమాడే రకం. మీట ఆపేసి, మళ్లీ కళ్లు మూసుకోమన్నాను. చెయ్యి ఒళ్లోనే పెట్టుకున్నాను.

"వేశానండీ," అన్నాను.

ఆయన చెవి రిక్కించారు. అవునని తల ఊపితే మా షెడ్డు సంగతి అంతే.

"వెయ్యలేదు," అన్నారు కళ్లు తెరవకుండానే. "నొక్కకుండా నొక్కానంటావేంటే?"

ఈసారి చెప్పకుండా మీట నొక్కాను.

"ఇదిగో, ఇప్పుడు వేశావు."

డ్రైవరు కంగారుపడి, బండికి మళ్లీ ఏమైందని అడిగాడు. బండికేమీ కాలేదని చెప్పాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేస్తున్నాయి. బానెట్ పక్కన ఆయన ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు.

"ఇంకోసారి వెయ్యవే," అన్నారు.

వేశాను.