మామిడాకులకు దక్కిన మర్యాద

మా మేడ మీద అద్దెకుండే దేవరాజ్ వేళ్ళు ఊరికే ఉండవు. బొమ్మనహళ్ళిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లకు రంగులు సరిచేసే పని అతనిది. ఎర్రగా కందిన ముఖాన్ని చల్లార్చడం, నీడలో మునిగిన మేనత్తను వెలుగులోకి లాగడం, ఇలాంటివన్నీ. కంప్యూటర్‌లో రంగు పెంచి తగ్గించే స్లైడర్లను అటూ ఇటూ జరిపీ జరిపీ, ఇంటికొచ్చాక కూడా అతని చూపుడువేలు గాలిలో జరుగుతూనే ఉంటుంది. నేను చిన్నప్పుడు చదివిన కాన్వెంటు సిస్టర్ ఫిలోమినా ఉండి ఉంటే ఆ వేలిని స్కేలుతో పలకరించేది. ఒకసారి నా కాఫీ వంక చూసి, "నలుపు రవంత తగ్గించాల తాతా" అంటూ వేలు కదిపాడు. కాఫీ నిజంగానే తెల్లబడింది! అతని భార్య సుమ వెనక నుంచి పాలు పోసిందని గిట్టనివాళ్ళు అంటారు.

పోయిన మాఘంలో అతని అక్క కూతురు అర్పిత పెళ్ళయింది. ఆల్బమ్ పని తానే చేస్తానని ఫొటోలన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఉన్న కాస్త కుదురూ పోయింది. కారణం పెళ్ళికూతురు కాదు, ఆమె కట్టుకున్న చీర. దాన్ని నేసింది దేవరాజ్ తండ్రి సొన్నప్ప. దొడ్డబళ్ళాపురంలో వాళ్ళ వీధంతా కరెంటు మగ్గాలు మోగుతున్నా ఆయన చేతిమగ్గం వదల్లేదు. మనవరాలి చీర నేసి మగ్గం నుంచి కోశాక మాత్రం, మోకాళ్ళు ఇక సహకరించక, మగ్గం విప్పేశాడు. ఆ చేతి చీర ఇంకొకటి రాదు.

మగ్గం ఎక్కనని పారిపోయి కొడుకు పట్టుకున్న పనిని సొన్నప్ప ఏనాడూ పనిగా లెక్కపెట్టలేదు. "మనుషులకు సున్నం కొట్టే పని" అనేవాడు. ఒక ఆదివారం ఆయన ఆల్బమ్ చూడటానికి బయలుదేరాడు. కొడుకు పనిని ఆయన చూడటం అదే మొదటిసారి. ఒక్క మంచి మాట వస్తుందా రాదా అని దేవరాజ్ మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే నా గోడ సున్నం రాలింది.

సొన్నప్ప వచ్చాడు. కళ్ళజోడు తుడుచుకుని తెర ముందు కూర్చున్నాడు. అర్పిత హోమం చుట్టూ నడుస్తోంది. ఏ ఫొటోలో చూసినా చీర ఒకటే నీలం. ఆయన లేచి ఎడమవైపు నుంచి చూశాడు. కుడివైపుకు వెళ్ళి తల వంచి చూశాడు. మోకాళ్ళు పట్టుకుని కింద నుంచి కూడా చూశాడు.

"ఏం చేస్తాండావు నాయనా?" అని తండ్రిని అడిగాడు దేవరాజ్.

"నా చీర కోసరం చూస్తాండానప్పా. యాడ పెట్టినావు?"

"ముందరనే ఉండాది కదా!"

"ఇది నీలం గుడ్డ. నాది నెమలి మెడ. నిలువు పడుగు నీలం, అడ్డం పేక పచ్చ. ఇట్ల తిరిగితే నీలం, అట్ల తిరిగితే పచ్చ. ఇది ఎట్ల చూసినా ఒగటే ఉండాదే, సచ్చినట్ల."

దేవరాజ్ ముఖం పాలిపోయింది. కొన్ని ఫొటోల్లో నీలంగానూ కొన్నింటిలో పచ్చగానూ వచ్చిన చీరను చూసి అతను కెమెరా తప్పనుకున్నాడు. ఒకే చీర పేజీకో రంగులో ఉంటే పెళ్ళివారు ఆల్బమ్ వెనక్కి కొడతారని స్టూడియోలో నేర్చుకున్న పాఠం. అందుకే పచ్చనంతా నీలం వైపు లాగేశాడు. ఆ మగ్గం గుంటలో ఆడుకుంటూ పెరిగినవాడే!

"పందిట్లో మామిడాకులు నీలం కాకుండా ఒగొగ ఆకు చుట్టూ గీత గీసి కాపాడినాను నాయనా" అన్నాడు బిక్కమొహంతో.

"ఆకులకిచ్చిన మర్యాద నా చీరకు ఇయ్యలేదు కదరా."

వంటింట్లో సుమ నవ్వు ఆపుకోలేకపోయింది.

సొన్నప్ప సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళాలి. చేసిన మార్పులు తీసేయడం సులువే, అసలు ఫొటోలు భద్రంగా ఉన్నాయి. తీసేస్తే ఈ పేజీలో నీలం చీర, ఆ పేజీలో పచ్చ చీర.

"చూసేవాళ్ళు పెళ్ళికూతుళ్ళు ఇద్దరనుకుంటారు" అంది సుమ.

దేవరాజ్ రెండింటికీ మధ్య రంగు పట్టబోయాడు. నాచు రంగు వచ్చింది. మళ్ళీ లాగితే చెత్తబండి రంగు వచ్చింది. అన్నం నిలబడే తిన్నాడు. మిద్దెక్కి ఎండ చూసి వచ్చాడు. కుర్చీలో కూర్చోవడం, లేవడం.

"ఒగ తావ కూచోరా. మగ్గంలో అటూ ఇటూ ఉరికే పేక నాడె కూడా ఇంతగా తిరగదు" అన్నాడు సొన్నప్ప. అంటూనే, అలవాటు కొద్దీ మళ్ళీ తెర ముందు తల అటూ ఇటూ వంచాడు.

దేవరాజ్ ఆ తల వంక చూస్తూ ఉండిపోయాడు. తెర కదలదు, చూసేవాడు కదులుతున్నాడు. చటుక్కున కూర్చుని, హోమం చుట్టూ నడిచిన ఫొటోలను రెండు పేజీల వెడల్పునా వరసగా పేర్చాడు. నీలంగా ఉన్నది ముందు, రెండూ కలిసి మెరిసినది మధ్యలో, పచ్చనిది చివర. చీరను ముట్టుకోలేదు. అర్పిత ముఖాన్ని మాత్రం అన్నిట్లో ఒకేలా ఉంచాడు. ముఖం మారకపోతే మారుతున్నది చీరేనని తెలుస్తుంది.

సొన్నప్ప ఈసారి లేవలేదు. ఆయన తల మాత్రం ఎడమ నుంచి కుడికి వెళ్ళి, వెనక్కి వచ్చింది.

"ఇప్పుడు నడస్తాండాది" అన్నాడు. వేలితో కొంగు దగ్గర చూపించాడు. "ఈడ నాకొగ పోగు తప్పింది. నున్నగా చేసేస్తివా?"

"లేదు నాయనా."

"చేయొద్దు."

అంతే. చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

దేవరాజ్ మెట్ల మీద నన్ను పట్టుకున్నాడు. "తాతా, అది మంచి మాటేనా, కాదా?"

"మంచిదే అప్పా. పోయి పండుకో."

పడుకుంటేనా! తెల్లారి నేను పైకి వెళ్ళేసరికి పాత పెళ్ళిళ్ళ ఫొటోలన్నీ తెరిచి పెట్టుకున్నాడు. "ఇంతకాలం ఎన్ని నెమళ్ళ మెడలు విరిచినానో!" అంటూ ఒక పెళ్ళి నుంచి ఇంకో పెళ్ళికి దూకుతున్నాడు. సుమ ఇచ్చిన కాఫీని తాగకుండా, గ్లాసును అటు వంచి ఇటు వంచి చూస్తున్నాడు.