పేరు కత్తిరించిన పుస్తకం

బాపు గుండె ఆపరేషనుకు డాక్టరు పన్నెండు రోజుల తర్వాత రమ్మన్నడు. వడోద్‌ల ఊరిడిసి బతకొచ్చిన తెలుగోళ్ల బస్తీల ఉన్న మా ఇంటికొచ్చి చెప్పులన్న ఇడువకముందే బాపు అన్నడు: “బిడ్డా, సచ్చేలోపల ఆ పెద్ద పుస్తకం ఒక్కటి ఇనాలె. చదివిపెట్టు.”

నా పైపానం పైన్నే పోయింది. సావు మాట ఆయన నోట నేనెన్నడు ఇనలే. “గా మాటనకు!” అని ఒర్లిన. కోపంతోటే కాదు, ఒర్లకుంటె ఆయనకు ఇనపడదు. ముప్పై ఐదేండ్లు సాంచెల నడుమ నిలబడి బట్ట నేసిన మనిషి, ఆ మోతకు చెవులు సగం పోయినయ్. ఇప్పుడు కండ్లల్ల పొరలు గూడ వచ్చినయ్. అందుకే చదివిపెట్టుమన్నడు.

ఆ పెద్ద పుస్తకం కత వేరే. రైల్వేల పెద్ద నౌకరి చేసి రిటైరైన తెలుగు సారు ఒకాయన మా దిక్కు ఉంటడు. ‘తెలుగోడై పుట్టి ఇది చదవకపోతే పుట్టుక దండగ’ అని ఎన్నడో బాపుతోటి అన్నడట. బాపు ఊరికి పోయినప్పుడు కొనుక్కొచ్చి, పసుపు కుంకుమ పెట్టి, దేవుని గూట్లె పెట్టిండు. తానం చెయ్యకుంట ముట్టనియ్యడు. ఇగ ఎవరు చదువుతరు? నేను మున్సిపాలిటీ బడిల తెలుగు టీచర్ని, నేను గూడ చదవలే. ఎవరన్న అడిగితే “గొప్ప పుస్తకం” అని తలూపుతుంటి. అదీ నా చదువు.

మూడు రోజులు పగటీలి చదివిన. ఒక్కో వాక్యం అర పేజీ. నేను గొంతు చించుకుంటుంటే గల్లీల పోయేటోళ్లు ఏం లొల్లని తొంగి చూసిండ్రు. బాపు చేతులు కట్టుకొని కూసున్నడు. అర్థం కాదు, కాలేదంటానికి సిగ్గు. రెప్పలు వాలుతయ్, ఉలిక్కిపడి లేస్తడు. “నాకే తెలివి తక్కువ బిడ్డా, నువ్వు చదువు” అంటడు. నాకు ఒళ్లు మండింది. ఇంక ఎన్ని రోజులున్నయో తెల్వదు, ఆ రోజులు గూడ గిట్ల సిగ్గుపడుకుంట గడపాల్నా?

నాలుగోనాడు అమ్మ కుట్టిన పుస్తకం బయటికి తీసిన.

అమ్మ ఉన్నప్పుడు ఊరి నుంచి ఎవరొచ్చినా వారపత్రికలు తెప్పించుకునేది. ఒక సీరియల్ కాయితాలు చింపి సాంచెల దారంతోటి కుట్టుకున్నది. అంచులు సమానంగ రావాలని, ప్రతి వారం పైన ఉండే సీరియల్ పేరు, రాసినోళ్ల పేరు, బొమ్మ అన్నీ కత్తెరతోటి తీసేసింది. “కత ఉంటె సాలు, పేరేం జేసుకుంటం” అనేది. బస్టాండుల హోటలు నడిపే ఒకామె మీద గొలుసు దొంగతనం మోపుతరు, ఆమె ఊరందరి ముందల ఎట్ల నిలబడ్డదన్నది కత. చిన్నప్పటి సంది నేను ఎన్నిసార్లు చదివిన్నో లెక్కలేదు, బాపుకు దాని కతే తెల్వదు. బడిల మాత్రం దాని ఊసెత్తలే, నవ్వుతరని.

దాన్ని పెద్ద పుస్తకం అట్టల నడుమ పెట్టి, “బాపు, ఇగ రెండో భాగం. మనుషులు మారుతరు” అన్న.

బాపు నిటారుగ కూసున్నడు. ఆ హోటలామె మీద నింద పడ్డప్పుడు “అరె, గా తల్లి గట్ల చెయ్యదు!” అని మంచం మీద చేత్తోటి కొట్టిండు. తెల్లారి టీ తాగకముందే పుస్తకం తెమ్మన్నడు. “సారు ఊకె చెప్పలే. గిదీ పుస్తకమంటే!” అని మురిసిపోయిండు. ఆయన మురిసినకొద్ది నాకు భయం పెరిగింది. ఎందుకంటె ఆ కుట్టిన పుస్తకానికి ఆఖరి కాయితాలు లెవ్వు. ఓ వానకాలం పక్కన పారే ఖాడీ వాగు పొంగి ఇంట్లకు నీళ్లొచ్చినప్పుడు నాని ముద్దయినయ్. గొలుసు ఎవరు తీసిండ్రని అమ్మనడిగితే ఒక్కోసారి ఒక్కో తీరు చెప్పేది.

తొమ్మిదోనాడు సారు పలకరిస్తానికొచ్చిండు. బాపు ఆయన చేతులు పట్టుకొని, హోటలు, గొలుసు, నింద అంత పూసగుచ్చినట్టు చెప్పిండు. నేను దొంగకు తేలు కుట్టినట్టు గోడకు ఆనుకొని నిలబడ్డ. సారు కండ్లు మూసుకొని అంత ఇన్నడు. “ఆహా! ఆ ఘట్టం మహాద్భుతం. నేనెన్నిసార్లు చదివానో!” అన్నడు.

ఆయన గూడ చదవలే! నవ్వు రావాలె గదా? రాలే. ఇంకింత భయమైంది. మరి చదివిందెవరు?

ఆపరేషను రోజు పొద్దుగాల, స్ట్రెచర్ మీదికెక్కించినంక బాపు నా చెయ్యి పట్టుకున్నడు. “ఆఖరిది చెప్పు బిడ్డా. గొలుసు ఎవరు తీసిండ్రు?”

నోటికొచ్చింది చెప్పిన. గొలుసు పోయినింటి షావుకారు కొడుకే తీసిండు, ఆమె కాళ్ల మీద పడ్డడు, ఆమె మాఫ్ చేసింది, అందరు సల్లగున్నరు అన్న.

బాపు నా మొఖం దిక్కు చూసిండు. “గిది ఆ కత రాసినోళ్లు రాసింది కాదు. వాళ్లు కతను గింత జల్ది ముడెయ్యరు. ఆ హోటలామె గూడ కాళ్లు మొక్కించుకునే మనిషి కాదు. నిజం చెప్పు.”

అంత చెప్పేసిన. ఇది పెద్ద పుస్తకం కాదని, అమ్మ కుట్టిందని, ఆఖరి కాయితాలు లెవ్వని. అరవకుంటె ఇనపడదాయె, ఆసుపత్రిల అందరి ముందల అరిచి చెప్పిన.

“గట్లయితే గిది ఆడామె రాసిందే. పేరేంది?”

“తెల్వదు బాపు. ఆడామెనో, మొగాయననో గూడ తెల్వదు. అమ్మ కత్తిరించింది.”

ఆయన నా చెయ్యి ఇడిసిపెట్టిండు. స్ట్రెచర్ నూకేటాయన లోపలికి తీస్కపోయిండు, తలుపు మూసుకున్నది.

ఐదు గంటలు ఆ తలుపు ముందల కూసున్న. గుండె కోసుడు కన్న, నా మీద కోపంతోటే పోతడేమోనన్న భయమే నన్ను తిన్నది. ఏ దేవునికి మొక్కాల్నో గూడ తోచలే. ఆపరేషను మంచిగైందని డాక్టరు వచ్చి చెప్పినా నమ్మలే. ఆయన నోటి నుంచి ఒక్క మాట ఇనాలె నాకు.

తెల్లారి గొంతుల గొట్టం తీసినంక నన్ను లోపలికి పంపిండ్రు. వంగి ఆయన నోటికాడ చెవి పెట్టిన.

“పేరు దొరికిందా?”

“లేదు బాపు. యాడ దొరుకుతది?” ఆయన చెవికాడ ఒర్లిన.

“మనం చదవని పుస్తకం రాసినాయన పేరు ఊరందరికెర్క. మనం చదివిన కత రాసినామె పేరు నీకెర్క లేదు” అన్నడు. “దేవులాడు.”